నెలసరి లెక్క, గర్భం నిలిచే రోజులు: తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లయిన మూడో నెల నుంచే "విశేషం ఏమైనా ఉందా?" అన్న ప్రశ్న ఎదురయ్యే కొత్త కోడళ్లు, ఇద్దరు పిల్లల మధ్య ఎడం కావాలనుకునే తల్లులు, మాత్రలు పడక మరో దారి వెతికే దంపతులు విజయవాడలోనూ గుంటూరులోనూ అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరుగుతాయి. నెలలో ఏ రోజుల్లో గర్భం నిలుస్తుంది, ఆ సంగతి తెలుసుకునేది ఎలా? ఆ ప్రశ్నలకు ఇక్కడ వివరంగా సమాధానాలు ఇచ్చాము.

నెలసరి చక్రాన్ని ఏ రోజు నుంచి లెక్కపెట్టాలి?

ఎర్రటి రక్తస్రావం మొదలైన రోజే ఒకటో రోజు. అంతకుముందు ఒకటి రెండు రోజులు గోధుమరంగు మరకలు కనిపించినా వాటిని లెక్కలోకి తీసుకోకూడదు. మళ్లీ నెలసరి వచ్చే ముందు రోజుతో ఆ చక్రం ముగుస్తుంది. ఇంత తేలికైన లెక్కలోనూ మన ఇళ్లలో తరచుగా ఒక పొరపాటు జరుగుతుంది. చాలామంది స్త్రీలు తలస్నానం చేసిన రోజును, అంటే నాలుగో రోజునో ఐదో రోజునో, గుర్తుగా పెట్టుకుని అక్కడి నుంచి రోజులు లెక్కిస్తారు. అలా లెక్కిస్తే మొత్తం లెక్క మూడు నాలుగు రోజులు పక్కకు జరుగుతుంది. గర్భం నిలిచే రోజులే ఆరు కాబట్టి ఈ తేడా చిన్నదేమీ కాదు. అలాగే "నాకు ప్రతి నెలా 10వ తేదీకే వస్తుంది" అనే మాట వినడానికి క్రమంగానే ఉంటుంది కానీ, ఫిబ్రవరికి 28 రోజులు, మార్చికి 31 రోజులు ఉన్నప్పుడు తేదీ నుంచి తేదీకి పోల్చడం వల్ల చక్రం అసలు నిడివి తెలియదు. గోడ క్యాలెండర్‌లో తిథి పక్కన గుర్తు పెట్టుకోవడంలో తప్పు లేదు, లెక్కపెట్టేటప్పుడు మాత్రం రోజులనే ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి. పెద్దవారిలో 21 నుంచి 35 రోజుల మధ్య వచ్చే చక్రాన్ని సాధారణంగా ఆరోగ్యకరమైనదిగానే భావిస్తారు.

అండం 14వ రోజున విడుదలవుతుందని విన్నాను. అది నిజమేనా?

సరిగ్గా 28 రోజుల చక్రం ఉన్నవారిలో అది సుమారుగా నిజం, మిగిలినవారి విషయంలో తప్పుదారి పట్టిస్తుంది. ఇతర ప్రశ్నలన్నింటికీ మూలం ఇక్కడే ఉంది కనుక కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

నెలసరి చక్రంలో రెండు భాగాలు ఉంటాయి. మొదటి భాగంలో అండాశయంలో అండం పెరుగుతుంది, రెండో భాగం అండం విడుదలైన తరువాత మొదలవుతుంది. మొదటి భాగం మనిషి మనిషికీ మారుతుంది. ఒకే స్త్రీలో కూడా జ్వరం, ప్రయాణం, పరీక్షల ఆందోళన, బరువు హఠాత్తుగా తగ్గడం వంటి కారణాల వల్ల నెల నెలకూ మారవచ్చు. రెండో భాగం అంతగా మారదు, చాలామందిలో అది 14 రోజులకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే అండం విడుదలయ్యేది గడిచిన నెలసరి తరువాత 14వ రోజున కాదు, రాబోయే నెలసరికి సుమారు 14 రోజుల ముందు. 35 రోజుల చక్రం ఉన్న స్త్రీలో అది 21వ రోజు దగ్గర, 24 రోజుల చక్రం ఉన్న స్త్రీలో 10వ రోజు దగ్గర జరుగుతుంది.

1920వ దశకంలో జపాన్‌కు చెందిన క్యూసాకు ఒగినో, ఆస్ట్రియాకు చెందిన హెర్మన్ క్నాస్ అనే వైద్యులు ఎవరికి వారే విడివిడిగా ఈ విషయాన్ని కనుగొన్నారు. లెక్కను వెనుక నుంచి వేయాలన్న వారి మాట వందేళ్లయినా మన ఇళ్ల దాకా పూర్తిగా చేరలేదు, "పద్నాలుగో రోజు" అన్న సగం మాట మాత్రం చేరింది. ఇక్కడ ఒక ఇబ్బంది ఉన్నదని కూడా ఒప్పుకోవాలి. రాబోయే నెలసరి ఎప్పుడు వస్తుందో ముందుగా ఖచ్చితంగా తెలియదు కాబట్టి, వెనుక నుంచి లెక్కించడం అనేది అంతా జరిగిపోయిన తరువాతే సాధ్యమవుతుంది. అందుకే తేదీల లెక్కకు తోడుగా శరీరం చూపించే గుర్తులను కూడా గమనించాల్సి వస్తుంది.

మరి గర్భం నిలిచే రోజులు ఎన్ని?

విడుదలైన అండం 12 నుంచి 24 గంటల వరకు మాత్రమే ఉంటుంది. వీర్యకణాలు అనుకూలమైన జిగురు స్రావం ఉన్నప్పుడు స్త్రీ శరీరంలో ఐదు రోజుల వరకు జీవించగలవు. కాబట్టి అండం విడుదలయ్యే రోజు, దానికి ముందున్న ఐదు రోజులు, మొత్తం ఆరు రోజులే గర్భం నిలిచే రోజులు. గర్భం కోసం ప్రయత్నిస్తున్న 221 మంది స్త్రీలను పరిశీలించి 1995లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో, కలయిక వల్ల గర్భం నిలిచినవన్నీ ఈ ఆరు రోజుల్లోనే జరిగాయి. ఐదు రోజుల ముందు పదిలో ఒక వంతుగా ఉన్న అవకాశం అండం విడుదలయ్యే రోజుకు మూడో వంతు దాకా పెరిగింది, ఆ మరునాటి నుంచి గర్భం నిలవలేదు. అండం విడుదలైందని తెలిసిన తరువాత ప్రయత్నం మొదలుపెట్టేవారు నిజానికి ఆలస్యంగా మొదలుపెడుతున్నారన్నమాట.

క్యాలెండర్ లెక్కను ఎలా వేయాలి?

కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది పాటు ప్రతి చక్రం ఎన్ని రోజులు వచ్చిందో రాసుకోవాలి. వాటిలో అతి చిన్న చక్రం నుంచి 18, అతి పెద్ద చక్రం నుంచి 11 తీసివేయాలి. ఉదాహరణకు చిన్నది 26 రోజులు, పెద్దది 31 రోజులు అయితే, 8వ రోజు నుంచి 20వ రోజు వరకు గర్భం నిలిచే అవకాశం ఉన్న కాలంగా భావించాలి. ఆరు రోజుల అవకాశానికి 13 రోజులు పక్కన పెట్టవలసి రావడం కొందరికి అతిగా అనిపిస్తుంది, అయితే ముందుగా తెలియని దాన్ని అంచనా వేసేటప్పుడు ఆ మాత్రం జాగ్రత్త అవసరం.

చక్రాలు ఎప్పుడూ 26 నుంచి 32 రోజుల మధ్యే వచ్చేవారికి ఇంకా తేలికైన పద్ధతి ఒకటి ఉంది. అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రూపొందించిన ఆ పద్ధతిలో 8వ రోజు నుంచి 19వ రోజు వరకు గర్భం నిలిచే రోజులుగా తీసుకుంటారు. రోజుకొక పూస చొప్పున రబ్బరు వలయాన్ని జరుపుకుంటూ పోవడానికి రంగురంగుల పూసల దండను కూడా వారు తయారు చేశారు.

నాకు నెల మధ్యలో తెల్లబట్ట అవుతోంది. ఇది జబ్బా?

ఇది అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న. దీని వెనుక ఉన్న భయం కూడా చాలా పాతది. తెల్లబట్ట అయితే ఎముకలు కరిగిపోతున్నాయని, ఒంట్లో సత్తువంతా పోతోందని, వేడి చేసిందని మన పెద్దవారు అంటారు. ఎముకలు కరగడం అన్నది ఎంతమాత్రం నిజం కాదు. నెలలో కొన్ని రోజులు వచ్చే జిగురు స్రావం అండం విడుదల కాబోతోందని చెప్పే నమ్మకమైన గుర్తు. దాన్ని జబ్బనుకుని మందులు వాడే స్త్రీలను చూసినప్పుడు, చదవవలసిన ఉత్తరాన్ని తెరవకుండానే చింపేస్తున్నట్లు అనిపిస్తుంది.

నెలసరి ఆగిన తరువాత కొన్ని రోజులు సాధారణంగా పొడిగా ఉంటుంది. ఆ తరువాత మైదాపిండి జిగురులాగా అంటుకునే స్రావం, తరువాత పాలమీగడలాగా తెల్లని స్రావం కనిపిస్తాయి. అండం విడుదలయ్యే రోజులు దగ్గరపడే కొద్దీ అది పల్చబడి, పచ్చి కోడిగుడ్డు తెల్లసొనలాగా పారదర్శకంగా, జారుడుగా మారుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి లాగితే తెగకుండా సాగుతుంది. ఇలా జారుడుగా ఉన్న ఆఖరి రోజును ముఖ్యమైన రోజుగా గుర్తించాలి. ఆ రోజునో, దానికి ఒకటి రెండు రోజులు అటూ ఇటూనో అండం విడుదలవుతుంది. తరువాత ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ ప్రభావంతో స్రావం ఒక్కసారిగా చిక్కబడుతుంది, లేదా పొడిబారుతుంది. రోజుకు రెండు మూడుసార్లు, మూత్రవిసర్జనకు వెళ్లినప్పుడు గమనించి, రాత్రి పడుకోబోయే ముందు ఒక్క మాటలో రాసుకుంటే చాలు. కలయిక జరిగిన మరునాడు వీర్యం కలవడం వల్ల గుర్తు సరిగా తెలియదు కాబట్టి ఆ సంగతి కూడా పక్కన రాసుకోవాలి.

ఈ పద్ధతిని 1950వ దశకం నుంచి ఆస్ట్రేలియాకు చెందిన జాన్ బిల్లింగ్స్, ఎవెలిన్ బిల్లింగ్స్ దంపతులు అభివృద్ధి చేశారు. ఇది చదువుకున్నవారికే సాధ్యమన్న అనుమానం అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన బెంగళూరుతో సహా ఐదు దేశాల్లోని ఐదు కేంద్రాల్లో జరిపిన పరిశీలనలో, వేర్వేరు స్థాయిల చదువు ఉన్న స్త్రీలలో 93 శాతం మంది మొదటి చక్రంలోనే ఈ మార్పును గుర్తించి నమోదు చేయగలిగారు.

దుర్వాసన, దురద, మంట, విరిగిన పాలలాంటి ముద్దలు, పసుపు లేదా ఆకుపచ్చ రంగు, పొత్తికడుపు నొప్పి వీటిలో ఏది ఉన్నా అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అప్పుడు చిట్కాలతో కాలయాపన చేయకుండా వైద్యురాలికి చూపించుకోవాలి, అవసరమని చెబితే భర్త కూడా మందులు వాడాలి.

ఉష్ణోగ్రత చూసుకోవాలంటున్నారు. మే నెలలో మా విజయవాడ ఎండలకు ఆ లెక్క నిలుస్తుందా?

నిలుస్తుంది, కొంచెం శ్రద్ధ కావాలి. అండం విడుదలైన తరువాత ప్రొజెస్టరాన్ వల్ల శరీర ఉష్ణోగ్రత 0.2 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ వరకు పెరిగి, మళ్లీ నెలసరి వచ్చేదాకా ఆ స్థాయిలోనే ఉంటుంది. ఇంత చిన్న తేడాను పట్టుకోవాలంటే దశాంశ బిందువు తరువాత రెండు అంకెలు చూపించే డిజిటల్ థర్మామీటర్ ఉండాలి. సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో మందుల దుకాణాల్లో అడిగేటప్పుడు ఆ విషయం స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే జ్వరం చూసుకునే మామూలు థర్మామీటర్లు చాలావరకు ఒక అంకెనే చూపిస్తాయి.

ఉదయం మెలకువ రాగానే, మంచం దిగకముందే, కాఫీ తాగకముందే, ప్రతిరోజూ దాదాపు ఒకే సమయానికి నాలుక కింద పెట్టుకుని చూసి రాసుకోవాలి. అంతకుముందు కనీసం మూడు గంటలైనా ఎడతెగని నిద్ర ఉండాలి. వరుసగా మూడు రోజుల ఉష్ణోగ్రత అంతకుముందు ఆరు రోజుల కన్నా ఎక్కువగా ఉండి, మూడో రోజు తేడా కనీసం 0.2 డిగ్రీలు ఉంటే అండం విడుదలైపోయినట్లు భావించవచ్చు. వేసవిలో కరెంటు పోయి రాత్రంతా నిద్ర పట్టని రోజు, డాబా మీద పడుకుని తెల్లవారుజామున కిందికి దిగివచ్చి మళ్లీ పడుకున్న రోజు, జ్వరం వచ్చిన రోజు నమోదైన అంకెల చుట్టూ సున్నా చుట్టి, లెక్కలోంచి తీసివేయాలి. ఉష్ణోగ్రత జరిగిపోయినదాన్ని మాత్రమే చెబుతుంది, రాబోయేదాన్ని చెప్పదు. కనుక పిల్లలు కావాలనుకునేవారికి జిగురు స్రావం ఎక్కువగా ఉపయోగపడుతుంది, వద్దనుకునేవారికి ఈ రెండూ కలిసి కావాలి.

నాకు రాత్రి డ్యూటీలు ఉంటాయి. నేనేం చేయాలి?

ఆసుపత్రుల్లో రాత్రి పాళీ చేసే నర్సులకు, సీజనులో వేళాపాళా లేకుండా మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లే స్త్రీలకు ఉష్ణోగ్రత పద్ధతి అంతగా కుదరదు. స్రావాన్ని గమనించే పద్ధతికి గడియారంతో పని లేదు కాబట్టి దాన్నే ఆధారం చేసుకోవడం మేలు.

మందుల షాపుల్లో దొరికే ఓవ్యులేషన్ కిట్ పనికొస్తుందా?

పిల్లల కోసం ప్రయత్నించేవారికి పనికొస్తుంది. మూత్రంలో ఎల్‌హెచ్ అనే హార్మోన్ పెరిగినట్లు కిట్ చూపించిన తరువాత సుమారు 24 నుంచి 36 గంటల్లో అండం విడుదలవుతుంది. పీసీఓడీ (అండాశయాల్లో నీటి బుడగల సమస్య) ఉన్నవారిలో ఈ హార్మోన్ ఎప్పుడూ కొంత ఎక్కువగా ఉండవచ్చు కాబట్టి కిట్ తప్పుగా చూపించే అవకాశం ఉంది. గర్భం వద్దనుకునేవారు దీని మీద ఆధారపడకూడదు, ఎందుకంటే కిట్ హెచ్చరించే సమయానికే గర్భం నిలిచే రోజుల్లో చాలావరకు గడిచిపోతాయి.

"సేఫ్ పీరియడ్" పాటిస్తే గర్భం రాకుండా ఉంటుందా?

నోటి లెక్కతో, "నెలసరికి ముందు వారం, తరువాత వారం ఫర్వాలేదు" అనే ఊహతో పాటించేదాన్ని పద్ధతి అని పిలవలేము. రాసుకుని, గుర్తులు గమనించి, నియమాల ప్రకారం పాటించినప్పుడు ఫలితాలు చాలా భిన్నంగా ఉంటాయి. స్రావాన్నీ ఉష్ణోగ్రతనూ కలిపి గమనించిన 900 మంది స్త్రీల మీద జర్మనీలో జరిగి 2007లో ప్రచురితమైన అధ్యయనంలో, ఏడాదికి నూటికి ఇద్దరికన్నా తక్కువ మందికే అనుకోని గర్భం వచ్చింది. పూసల దండ పద్ధతిలో ఖచ్చితంగా పాటించినవారిలో నూటికి ఐదుగురికి, మామూలుగా పాటించినవారిలో 12 మందికి గర్భం వచ్చింది. జర్మన్ స్త్రీలు శిక్షణ పొంది, భర్తల సహకారంతో నెలల తరబడి క్రమం తప్పకుండా రాసుకున్నవారని మరిచిపోరాదు. ఆ అంకెను చూసి, నియమాలు నేర్చుకోకుండానే అదే ఫలితం ఆశించడం న్యాయం కాదు.

భర్త ఒప్పుకోని ఇంట్లో ఈ పద్ధతి పనిచేయదు. ఈ మాట చెప్పడానికి చాలామంది మొహమాటపడతారు, కానీ విఫలమైన సందర్భాల్లో కొన్ని లెక్క తప్పినవి కావు, "ఈ రోజు వద్దు" అని భార్య చెప్పినా వినని రోజులవి. గుండె జబ్బు వంటి కారణాల వల్ల గర్భం ప్రాణాపాయమయ్యేవారు, మూర్ఛకు వాల్‌ప్రోయేట్, మొటిమలకు ఐసోట్రెటినోయిన్ వంటి, కడుపులో బిడ్డకు హాని చేసే మందులు వాడుతున్నవారు దీని మీద ఆధారపడరాదు. సుఖవ్యాధుల నుంచి ఇది ఏ రక్షణా ఇవ్వదు. మన రాష్ట్రంలో కుటుంబ నియంత్రణ అంటే ఆడవారి ఆపరేషనే అన్నట్లుగా స్థిరపడిపోయింది కానీ, ప్రభుత్వ ఆసుపత్రుల్లో నిరోధ్, మాలా-ఎన్ మాత్రలు, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తరువాత వారానికొకటి వేసుకునే ఛాయా మాత్ర, మూడు నెలలకొకసారి చేసే అంతర ఇంజెక్షన్, కాపర్-టి కూడా ఉచితంగానే ఇస్తారు. గర్భం నిలిచే రోజుల్లో నిరోధ్ వాడుతూ, మిగిలిన రోజుల్లో లెక్కను నమ్ముకునే దంపతులూ ఉన్నారు.

దసరాకు అమ్మవారి దర్శనం కోసం నెలసరి వాయిదా మాత్రలు వేసుకున్నాను. లెక్క ఏమవుతుంది?

ఆ నెల లెక్కను కొట్టివేయాలి. ఇంద్రకీలాద్రి మీద శరన్నవరాత్రులకు, పెళ్లిళ్లకు, వ్రతాలకు, తిరుమల ప్రయాణాలకు నోరెథిస్టిరాన్ మాత్రలు వాడడం మనవైపు మామూలైపోయింది. వాటిని ఆపిన రెండు మూడు రోజులకు వచ్చే రక్తస్రావం మందు ఆపడం వల్ల వచ్చేదే. అతి పెద్ద చక్రం, అతి చిన్న చక్రం లెక్కించేటప్పుడు ఆ చక్రాన్ని చేర్చకూడదు, తరువాతి చక్రం కూడా మామూలుగా లేకపోతే దాన్నీ పక్కన పెట్టాలి. ఈ మాత్రలు నెలసరిని వాయిదా వేస్తాయి కానీ గర్భాన్ని ఆపవు. మాత్ర వేసుకుంటున్నాను కదా అన్న ధీమాతో ఉండి పండుగ తరువాత నెల తప్పినవారు ఉన్నారు. రక్తనాళాల్లో గడ్డకట్టే సమస్య, కాలేయ జబ్బు ఉన్నవారు వైద్యుల సలహా లేకుండా వీటిని వాడకూడదు. అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకున్న నెలకు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది.

కాన్పయి పుట్టింట్లో ఉన్నాను. ఇంకా నెలసరి రాలేదు కదా, గర్భం రాదనుకోవచ్చా?

బిడ్డకు ఆరు నెలలు నిండకుండా ఉండాలి, పగలూ రాత్రీ తల్లిపాలే పట్టాలి, నెలసరి రాకుండా ఉండాలి. ఈ మూడు షరతులూ కలిసి ఉన్నంతవరకు రక్షణ 98 శాతం పైగా ఉంటుంది. డబ్బాపాలు మొదలుపెట్టినా, ఆరు నెలలు దాటినా ఆ ధీమా వదులుకోవాలి. మొదటి నెలసరికి ముందే అండం విడుదల కావచ్చు కాబట్టి, నెలసరి రాకుండానే మళ్లీ గర్భం ధరించడంలో వింతేమీ లేదు.

పీసీఓడీ ఉన్నవారు, నెలసరి క్రమంగా రానివారు ఈ లెక్క వేసుకోవచ్చా?

రాసుకోవడం తప్పకుండా మంచిది, దాన్ని నమ్మి గర్భాన్ని వాయిదా వేసుకోవడం మాత్రం మంచిది కాదు. వీరిలో జారుడు స్రావం ఒకే చక్రంలో రెండు మూడుసార్లు కనిపించి, అండం విడుదల కాకుండానే పోవచ్చు. మూడు నెలలు దాటినా నెలసరి రాకపోతే, లేదా తరచూ 35 రోజులు దాటుతుంటే, రాసుకున్న పుస్తకం వెంట తీసుకువెళ్లి వైద్యురాలికి చూపించండి. థైరాయిడ్ పరీక్ష కూడా అవసరం కావచ్చు.

పెళ్లయి ఎనిమిది నెలలైంది, ఇంకా నీళ్లు పోసుకోలేదని ఇంట్లో అంటున్నారు. ఎప్పుడు డాక్టరు దగ్గరకు వెళ్లాలి?

భార్య వయసు 35 లోపు ఉంటే ఏడాది ప్రయత్నం తరువాత, 35 దాటితే ఆరు నెలల తరువాత వెళ్లడం సరైన పద్ధతి. ఆ ఎనిమిది నెలల్లో దంపతులు నిజంగా కలిసి ఉన్న నెలలెన్నో కూడా లెక్కించుకోవాలి. ఆషాఢమంతా పుట్టింట్లో ఉండి, ఆ తరువాత భర్త హైదరాబాదులో, భార్య గుంటూరులో ఉంటూ వారాంతాల్లో కలుసుకునే జంటల్లో గర్భం నిలిచే రోజులు వారం మధ్యలో పడితే ఆ నెల ప్రయత్నం జరగనట్లే. జారుడు స్రావం మొదలైనప్పటి నుంచి రోజు విడిచి రోజు కలిస్తే సరిపోతుంది. గర్భం రావడానికి ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకోవడం బిడ్డ వెన్నెముకకు, మెదడుకు మేలు. పరీక్షలకు వెళ్లేటప్పుడు ఇద్దరూ వెళ్లాలి. వీర్యపరీక్ష తేలికైనది, ఖర్చు తక్కువ. అయినా కోడలికి స్కానింగులన్నీ అయిపోయాక గానీ కొడుకును పంపని ఇళ్లు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి.

సరి రాత్రుల్లో కలిస్తే మగబిడ్డ పుడతాడంటారు, నిజమేనా?

కాదు. ఋతుకాలం 16 రాత్రులని, సరిసంఖ్య రాత్రుల్లో కొడుకు, బేసిసంఖ్య రాత్రుల్లో కూతురు అని ధర్మశాస్త్రాల్లో ఉన్నమాట వాస్తవమే. బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి వీర్యకణంలో ఉన్న క్రోమోజోమును బట్టి ఉంటుంది, రాత్రిని బట్టి కాదు. నెలసరి లెక్కను ఈ పనికి వాడుకునే మార్గం లేదు.

ఫోనులో యాప్ పెట్టుకుంటే సరిపోతుందా?

గుర్తు చేయడానికి, దాచుకోవడానికి సరిపోతుంది. కేవలం తేదీలు తీసుకునే యాప్ చూపించే రోజు మీ పాత చక్రాల సగటు మాత్రమే, ఈ నెల మీ శరీరంలో జరుగుతున్నది దానికి తెలియదు. మీరు నమోదు చేసే వివరాలు ఎవరికి చేరుతున్నాయో చూసుకోండి. మాకైతే పది రూపాయల నోటుపుస్తకమే ఇష్టం, దానికి పాస్‌వర్డు అక్కర్లేదు, బీరువాలో చీరల కింద పెడితే చాలు.

లెక్క తప్పి నెల తప్పితే ఏం చేయాలి?

ముందు మూత్రపరీక్ష చేసుకోండి. నెలసరి రావలసిన రోజు దాటి వారమైతే ఫలితం ఎక్కువ నమ్మకంగా ఉంటుంది. పరీక్ష కిట్ ఆశా కార్యకర్త దగ్గర కూడా దొరుకుతుంది. గర్భం వద్దనుకుంటే సొంతంగా మందుల షాపులో మాత్రలు కొని వాడవద్దు. 1971 నాటి గర్భస్రావ చట్టం, దాని 2021 సవరణ ప్రకారం గర్భనిరోధక పద్ధతి విఫలమైనప్పుడు 20 వారాల వరకు ఒక అర్హత గల వైద్యుని అభిప్రాయంతో గర్భస్రావం చేయించుకోవచ్చు. పెళ్లికాని స్త్రీలకు కూడా ఈ అవకాశం ఉంది, వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత. నెల తప్పిన తరువాత పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం, కొద్దికొద్దిగా రక్తం కనిపించడం ఉంటే గర్భం గర్భాశయంలో కాకుండా అండవాహికలో నిలిచి ఉండవచ్చు. అటువంటప్పుడు తెల్లవారేదాకా ఆగకుండా దగ్గర్లోని పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి, ఆఖరి నెలసరి మొదలైన తేదీ రాసుకున్న పుస్తకాన్ని వెంట తీసుకువెళ్లాలి, ఎందుకంటే అక్కడ మొదట అడిగేది ఆ తేదీనే.